జనాభా లెక్కల పట్టికలు వాడి చూశాను: బెంగళూరులో తెలుగు బడికి చోటు వెతుకుతూ

రామమూర్తి నగర్‌లో మా ఇంటికి రెండు క్రాస్‌ల అవతల ఒక గుడి హాలుంది. అక్కడ ప్రతి ఆదివారం పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర దాకా పిల్లలకు తెలుగు నేర్పుతాం. నేర్పేది నలుగురం. నేను కదిరిలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. తర్వాత కొడుకు, కోడలు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. బడికి ముప్పై మందికి పైగా పిల్లలు వస్తున్నారు. వాళ్లలో కొందరు హూడి నుంచి, కాడుగోడి నుంచి వస్తారు. ఆ తల్లిదండ్రులు ఆదివారం పూట ట్రాఫిక్‌లో పడి రావడం చూసి, అటువైపే రెండో బడి పెడదాం అనుకున్నాం.

డబ్బు ఇస్తామని ఒక పెద్దాయన ముందుకొచ్చారు. చిత్తూరు ఆయన, ఇక్కడ వ్యాపారంలో స్థిరపడ్డారు. ఏడాది అద్దె, ఒక టీచరు జీతం తాను భరిస్తానన్నారు. కానీ ఒక మాట అడిగారు. "మేడం, అక్కడ తెలుగువాళ్లు ఉన్నారని అందరూ అంటారు. ఎంతమంది? ఏ వైపు ఎక్కువ? కాగితం మీద చూపించండి." అది న్యాయమైన ప్రశ్న. లెక్కల టీచరుగా నాకది నచ్చింది కూడా. ఆ కాగితం కోసం దాదాపు ఆరు నెలలు తిరిగాను. ఆ తిరుగుడులో వాడినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది, ఒక్క రూపాయి ఖర్చు లేనిది, భారత జనగణన పట్టికలు. వాటి గురించే ఈ రివ్యూ. తెలుగు సంఘం, లైబ్రరీ, బడి, మెస్సు, ఏది పెట్టాలనుకునేవాళ్లకైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు పెట్టి కొన్న రిపోర్టు సంగతి చెప్పాలి. పేరు రాయను. మార్కెట్ సర్వేలు చేసిపెట్టే ఒక చిన్న సంస్థ, మా బడిలో ఒక పిల్లాడి తండ్రి ద్వారా తెలిసింది. పద్దెనిమిది వేలు తీసుకుని మూడు వారాల్లో రంగుల గ్రాఫులతో నలభై పేజీల పుస్తకం ఇచ్చారు. ప్రతి వార్డు పక్కన తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య, చివరి అంకె దాకా. చూడగానే అందరికీ సంబరంగా అనిపించింది. రాత్రి భోజనాలయ్యాక నేను కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. ఒక వార్డులో తెలుగువాళ్ల సంఖ్యను ఆ వార్డు జనాభాతో భాగించాను. తర్వాత ఇంకో వార్డు, ఇంకోటి. ఎనిమిది వార్డులు చేశాను. ఎనిమిదింటికీ దశాంశం తర్వాత మూడో స్థానం దాకా ఒకే సంఖ్య వచ్చింది.

కోడలిని పిలిచి చూపించాను. తను ఎక్సెల్‌లో అన్ని వార్డులకూ ఒకేసారి చేసింది. "అత్తయ్యా, ఇది సర్వే కాదు. జిల్లా మొత్తం శాతం తీసుకుని ప్రతి వార్డుకూ గుణించేశారు" అంది. అంతే జరిగింది. బసవనగుడిలోనూ, వర్తూరులోనూ, శివాజీ నగర్‌లోనూ తెలుగువాళ్లు సరిగ్గా ఒకే నిష్పత్తిలో ఉంటారట! ఈ ఊళ్లో నెల రోజులు ఉన్నవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. జనాభా పెరుగుదల కూడా అలాగే వేశారు. 2001 నుంచి 2011 దాకా బెంగళూరు నగర జిల్లా పెరిగిన 47 శాతాన్ని తీసుకుని ప్రతి వార్డుకూ ఒకే రకంగా తగిలించారు. ఎప్పుడో నిండిపోయిన చిక్‌పేట వైపు వీధులు, మొన్నమొన్న చెరువు గట్ల పక్కన అపార్టుమెంట్లు లేచిన వర్తూరు ఒకే వేగంతో ఎలా పెరుగుతాయి? ఫోన్ చేసి అడిగితే "అంచనాలు ఇలాగే వేస్తారు మేడం" అన్నారు. డబ్బు తిరిగి రాలేదు. పద్దెనిమిది వేలంటే మా పిల్లల రెండేళ్ల పుస్తకాలు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అప్పుడు మూలానికే వెళ్దాం అనుకున్నాం. సెన్సస్ ఇండియా వెబ్‌సైట్‌లో 2011 పట్టికలన్నీ ఎక్సెల్ ఫైళ్లుగా ఉన్నాయి. ఉచితం. పట్టికలకు అక్షరాలతో, అంకెలతో పేర్లుంటాయి. మొదట అది కొంచెం తికమక పెడుతుంది గానీ, మన పనికి కావలసినవి నాలుగైదే. మాతృభాషల పట్టిక సి-16. ఒక్కొక్కరికి ఇంకా ఏ భాషలు వచ్చో చెప్పేది సి-17. వయసు వారీ లెక్క సి-14. వలసల వివరాలు డి వరుసలో ఉంటాయి. ఊరు, వార్డు స్థాయి దాకా ప్రాథమిక లెక్కలు ఇచ్చేదాన్ని ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ అంటారు, పొట్టిగా పీసీఏ.

సి-16లో కర్ణాటక ఫైలు తెరిస్తే రాష్ట్రం, తర్వాత జిల్లాలు, ఒక్కో జిల్లా కింద తాలూకాలు వరసగా ఉంటాయి. కర్ణాటక కోడ్ 29, బెంగళూరు నగర జిల్లా కోడ్ 572. షెడ్యూల్డు భాషలు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటాయి కాబట్టి తెలుగు ఇరవై ఒకటోది, తమిళం తర్వాత, ఉర్దూకు ముందు. ప్రతి భాషకూ మొత్తం, మగ, ఆడ, పల్లె, పట్నం అని గడులు. ఫిల్టర్ పెట్టడం తెలిస్తే రెండు నిమిషాల పని. తెలియకపోతే ఇంట్లో పిల్లలనడిగి చేయించుకోవచ్చు.

ఒక జాగ్రత్త. తెలుగు అనే పెద్ద వరుస కింద మళ్లీ చిన్న వరుసలుంటాయి. అందులో ఒకటి తెలుగు, ఒకటి వడరి, ఇంకొకటి ఇతరాలు. పెద్ద వరుసలో ఉన్న సంఖ్యలోనే ఇవన్నీ కలిసి ఉంటాయి. మాతో పనిచేసే ఒకాయన అన్నీ కూడేశారు, లెక్క రెట్టింపయింది. భాష పేరు ఒకటే రెండుసార్లు కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా పొరబడతారు.

జిల్లా సంఖ్య ఇక్కడ ఇస్తాను. 2011లో బెంగళూరు నగర జిల్లా జనాభా 96,21,551. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 14 శాతం. అంటే పదమూడు లక్షల పైచిలుకు. కన్నడం, తమిళం తర్వాత మూడో స్థానం మనది. కొన్ని కాగితాల్లో జిల్లా జనాభా 95,88,910 అని కనిపిస్తుంది. అది 2011లోనే తొందరగా విడుదల చేసిన తాత్కాలిక లెక్క. తర్వాత వచ్చిన తుది లెక్క మొదట చెప్పినది. మేము కొన్న రిపోర్టులో ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో మరొకటి ఉన్నాయి. ఎవరైనా మీకు లెక్కలు చూపిస్తే ముందు ఈ రెండిట్లో ఏది వాడారో అడగండి. పని తెలిసినవాళ్లా కాదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఈ పట్టికల మీద నాకు నమ్మకం ఎందుకంటే, వీటిని నింపిన చేతుల్లో నా చేతులు కూడా ఉన్నాయి. మా టీచర్లకు జనాభా లెక్కల డ్యూటీ పడుతుంది కదా. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా కదిరిలో నా బ్లాకులో ఇంటింటికీ తిరిగాను. నూట ముప్పై చిల్లర ఇళ్లు. స్కూలు వదిలాక సాయంత్రాలు, ఆదివారాలు పూర్తిగా. ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టాలి. బస్టాండు దగ్గర, నరసింహస్వామి గుడి దగ్గర అరుగుల మీద పడుకున్నవాళ్లను లేపి పేర్లడిగాను. ఒక ముసలమ్మ "నన్ను కూడా రాసుకుంటారా తల్లీ?" అని అడిగింది. ఆ మాట నేను మర్చిపోలేదు. ఫిబ్రవరి 28 దాటి మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఎవరెవరు ఉన్నారన్నది అసలు లెక్క. అందుకే మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, ఆలోపు పుట్టినవాళ్లను చేర్చాం, పోయినవాళ్లను కొట్టేశాం. కాగితం మిషన్ చదువుతుందని, అంకె గడి దాటకూడదని శిక్షణలో మరీ మరీ చెప్పారు. లెక్కల టీచర్ని కాబట్టి నా అంకెలు బాగుంటాయని మా సూపర్‌వైజరు మెచ్చుకున్నారు.

ఆ ఫారంలో పదో ప్రశ్న మాతృభాష. పదకొండోది తెలిసిన ఇతర భాషలు, రెండు వరకు. మాతృభాష అంటే మీరిప్పుడు ఎక్కువగా మాట్లాడే భాష కాదు, మీ రాష్ట్ర భాష కాదు, బడిలో చదివినదీ కాదు. చిన్నప్పుడు మీ అమ్మ మీతో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయుంటే, ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మనం సరిదిద్దకూడదు. ఈ నిర్వచనం తెలియకుండా సి-16 చదివితే తప్పుదారి పడతాం. ఆ పదమూడు లక్షల మందికీ తెలుగు చదవడం వచ్చని అనుకోకూడదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారని కూడా అనుకోకూడదు. వాళ్లు, లేదా వాళ్ల తరఫున జవాబు చెప్పిన ఇంటి పెద్ద, మాతృభాష తెలుగు అన్నారు. అంతవరకే ఆ సంఖ్యకు తెలుసు.

మా బడికి వచ్చే పిల్లలను చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక పాప వాళ్ల అమ్మది నెల్లూరు, నాన్నది బాగేపల్లి. అమ్మ వైపు వాళ్లు ఏ ఊళ్లో ఉన్నా తెలుగు అనే రాయిస్తారు. నాన్న వైపు తాతగారింట్లో మూడు తరాలుగా తెలుగే మాట్లాడతారు. పొలంలో, పెళ్లిలో, తిట్టుకునేటప్పుడు కూడా తెలుగే. అయినా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఆ తాతగారు కన్నడ అని రాయించారట. "మేం కర్ణాటక వాళ్లం కదమ్మా" అన్నారు నాతో. అది ఆయన ఇష్టం, తప్పు పట్టడానికి లేదు. కానీ అలాంటి ఇళ్లు కోలారు, చిక్కబళ్లాపుర వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాళ్లలో చాలా ఉన్నాయి. సి-16లో వాళ్లు మనకు కనపడరు. రాష్ట్ర స్థాయిలో సి-17 చూస్తే, మాతృభాష వేరేదైనా తెలుగు వచ్చినవాళ్లు ఎంతమందో కొంత తెలుస్తుంది. లైబ్రరీ పెట్టేవాళ్లు ఆ పట్టిక కూడా తప్పకుండా చూడాలి.

వడరి వరుస చూసినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. రాళ్లు కొట్టే, బావులు తవ్వే వడ్డెరల ఇళ్లలో మాట్లాడే తెలుగు అది. ఈ ఊరి పాత బంగళాల రాతి గోడలు, కాలువలు, పునాదులు ఎవరు కట్టారో ఆ ఒక్క వరుస గుర్తు చేసింది. వాళ్ల పిల్లలు మా బడికి ఎందుకు రావడం లేదని ఆ రోజు మొదటిసారి అనుకున్నాను. బడి అంటే అపార్టుమెంట్ల పిల్లలకని మేమే అనుకుంటూ వచ్చాం.

ఇంకొకటి. కదిరి దగ్గర తండాల నుంచి వచ్చి పట్నంలో ఉండే ఇళ్లకు వెళ్లినప్పుడు పదో గడిలో లంబాడీ అని రాశాను. పట్టికలో వెతికితే అది హిందీ కింద ఒక ఉపవరుసగా కనపడింది. జనం చెప్పిన వేల పేర్లను సరిచూసి, 1,369 మాతృభాషలుగా తేల్చి, పది వేల మందికి పైగా మాట్లాడేవాటిని 121 భాషల కింద సర్దారు. ఆ సర్దుబాటులో ఏది ఎక్కడికి వెళ్లిందో చూసుకోకుండా పెద్ద వరుసలు మాత్రమే చదివితే, కొంతమంది జనం మన కళ్లముందే మాయమైపోతారు. పెద్ద వరుసను విప్పి చూపించడం ఈ పట్టికలో నాకు బాగా నచ్చిన గుణం. విప్పి చూసే ఓపిక మాత్రం మనకుండాలి.

ఇక అసలు సమస్య. పెద్దాయన అడిగింది "ఏ వైపు ఎక్కువ?" అని. మాతృభాష లెక్క జిల్లా దాకా, తాలూకా దాకా, పట్టణం దాకా ఉంది. 2011 నాటికి నగర జిల్లాలో తాలూకాలు నాలుగు: బెంగళూరు ఉత్తరం, దక్షిణం, తూర్పు, ఆనేకల్. మా హూడి, కాడుగోడి తూర్పు తాలూకా కిందికి వస్తాయి. కానీ ఒక తాలూకా అంటే లక్షల మంది. వార్డు వారీ మాతృభాష లెక్క విడుదల చేసినవాటిలో లేదు. కాబట్టి ఎవరైనా సెన్సస్ ఆధారంగా వార్డు వారీ తెలుగువాళ్ల సంఖ్య అని అమ్మితే, అది గుణకారం చేసి తయారు చేసిందే. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే ఆ పద్దెనిమిది వేలు మిగిలేవి.

వార్డు స్థాయిలో పీసీఏ ఇచ్చేది వేరే. ఇళ్ల సంఖ్య, జనాభా, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, చదువొచ్చినవాళ్లు, పనిచేసేవాళ్లు, ఏ రకం పని, అన్నీ ఆడ మగ విడివిడిగా. అప్పటి బెంగళూరు నగర కార్పొరేషన్, అంటే బీబీఎంపీ, మొత్తం జనాభా 84,43,675. వార్డులు 198. అంటే వార్డుకు సగటున నలభై రెండు వేల పైన. సగటు చూసి మోసపోకూడదు. ఊరి నడుమ వార్డులు చిన్నవి, అంచు వార్డులు విస్తీర్ణంలో ఎంతో పెద్దవి. మాది 26వ వార్డు, కాడుగోడి 83, వర్తూరు 149. ఈ నంబర్లు ఇప్పుడు వాడుకలో లేవు. వార్డుల సరిహద్దులు ఆ తర్వాత మళ్లీ మళ్లీ మార్చారు. 2025లో ఒక్క కార్పొరేషన్ కాస్తా ఐదు కార్పొరేషన్లయింది. మీ గుమ్మం మీదున్న వార్డు నంబరు పట్టుకుని 2011 ఫైల్లో వెతికితే వేరే పేట లెక్క దొరుకుతుంది. పాత 198 వార్డుల మ్యాప్ పక్కన పెట్టుకుని, మీ వీధి అప్పుడు ఏ వార్డులో ఉందో ముందు చూసుకోవాలి. మాకు ఈ పనికే రెండు సాయంత్రాలు పట్టింది. కోడలు మ్యాప్ చూస్తూ క్రాస్ రోడ్ల పేర్లు చదివితే నేను పట్టీ రాసుకున్నాను. నాకు మాత్రం ఆ రెండు సాయంత్రాలు ఎంతో సంతోషంగా గడిచాయి.

ఆరేళ్లలోపు పిల్లల గడి చూసి మొదట ఎగిరి గంతేశాం. బడికి కావలసింది పిల్లలే కదా. తర్వాత తేదీ గుర్తొచ్చింది. 2011లో ఆరేళ్లలోపు ఉన్న పిల్లలు ఇప్పుడు పీయూసీలో, డిగ్రీలో ఉన్నారు. పెద్దవాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారు. మా బడికి వచ్చే ఒక్క పిల్లా ఆ పట్టికలో లేదు, అందరూ ఆ తర్వాత పుట్టినవాళ్లే. ఈ పట్టికల అతి పెద్ద లోటు ఇదే. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల ఆగిపోయింది. ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్క తేదీగా ప్రకటించారు. అప్పటిదాకా మన దగ్గరున్నది 2011 మాత్రమే. వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్.పురానికి మెట్రో 2023 మార్చిలో మొదలైంది. ఆ దారి పొడవునా వెలిసిన అపార్టుమెంట్లు, పీజీలు, వాటిలో గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చి చేరిన మన పిల్లలు, ఎవరూ ఆ లెక్కలో లేరు. కరీంనగర్ అంటే గుర్తొచ్చింది. వలసల పట్టికలో ఎంతమంది ఏ రాష్ట్రం నుంచి వచ్చారో చూడొచ్చు. కానీ 2011 నాటి ఆంధ్రప్రదేశ్ అంటే ఉమ్మడి రాష్ట్రం, తెలంగాణ అందులోనే ఉంది. రెండింటినీ విడగొట్టి ఎవరైనా చూపిస్తే ఎలా విడగొట్టారో అడగాలి.

ఇంకో సంగతి. భాషల పట్టికలు లెక్క జరిగిన ఏడేళ్లకు, 2018లో బయటికొచ్చాయి. అప్పుడే మనకు తెలిసింది, 2001లో దేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగు 2011లో నాలుగో స్థానానికి వచ్చిందని, మరాఠీ మనల్ని దాటిందని. 2001లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 7,40,02,856. 2011లో 8,11,27,740. పదేళ్లలో పెరిగింది పది శాతం లోపే. దేశ జనాభా మాత్రం ఆ పదేళ్లలో దాదాపు 18 శాతం పెరిగింది. మన దగ్గర పిల్లలు తక్కువ మంది పుట్టడం ఇందుకు ఒక కారణం, అందులో బాధపడాల్సింది లేదు. కానీ తెలుగు రాష్ట్రాల బయట మన పిల్లలు పదో గడిలో ఏం చెబుతారన్నది నన్ను వేధిస్తుంది. అందుకే ఈ బడి.

వార్డు లెక్క లేదు, ఉన్నది పాతది. మరి పెద్దాయనకు ఏం చూపించాం?

సెన్సస్‌ను మొత్తం జవాబుగా తీసుకోకుండా, కింద పరిచే చాపలా వాడుకున్నాం. తూర్పు తాలూకాలో తెలుగువాళ్ల శాతం తీసి, జిల్లా శాతం పక్కన పెట్టాం. దానికి పీసీఏలో మేము అనుకుంటున్న ఐదు పాత వార్డుల ఇళ్ల సంఖ్య జోడించాం. ఎక్కడా మేము గుణించి వార్డుకు తెలుగువాళ్లు ఇంతమంది అని రాయలేదు. ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన "లెక్క లేదు" అని రాశాం. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మధ్యాహ్నం పూట మేమే తిరిగాం. తెలుగు పేపర్లు వేసే కుర్రాణ్ణి, ఏ వీధిలో ఎన్ని వేస్తున్నాడో అడిగాం. అతను చేతి వేళ్ల మీద చెప్పేశాడు. అపార్టుమెంట్ల అసోసియేషన్లను ఉగాది, సంక్రాంతి జరుపుకునే కుటుంబాలు ఎన్ని అని అడిగాం. కూరగాయల బండి ఆవిడ ఒక మంచి మాట చెప్పింది. "గోంగూర, దోసకాయ ఎక్కడ అమ్ముడుపోతాయో ఆ వీధిలోకే తెస్తానమ్మా" అని. ఆమె బండి తిరిగే దారి మ్యాప్‌లో గీసుకున్నాం. చివరికి హూడి దగ్గర మూడు వీధులు, రెండు అపార్టుమెంట్లు తీసుకుని తలుపు తట్టాం. రెండు ప్రశ్నలే అడిగాం. ఇంట్లో అయిదు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలున్నారా, ఆదివారం బడి పెడితే పంపుతారా. పేరు అడగలేదు. పేరు అడిగితే జనం తలుపు వేసేస్తారని 2011లోనే నేర్చుకున్నాను. సెన్సస్‌లో అయితే మీరు చెప్పింది రహస్యంగా ఉంచడానికి 1948 నాటి చట్టం అండగా ఉంది. మాకు అలాంటి చట్టం లేదు కాబట్టి అడగకుండా ఉండటమే మర్యాద.

ఒక ఇంట్లో తలుపు తీసిన అమ్మాయి మాతో చక్కటి గోదావరి తెలుగులో మాట్లాడింది. వెనక నిలబడ్డ ఏడేళ్ల బాబు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె ఇంగ్లీషులోనే జవాబు చెప్పి, మా వైపు తిరిగి మొహం కిందికి దించుకుంది. "మాట్లాడదామనే అనుకుంటానండీ" అంది. ఏమీ అనలేదు మేము. ఆ బాబు ఇప్పుడు మా బడిలో ఉన్నాడు, అచ్చులు పూర్తయ్యాయి, "ఋ" దగ్గర కొంచెం ఇబ్బంది పడుతున్నాడు. 2027లో ఆ ఇంటికి లెక్కలవాళ్లు వచ్చినప్పుడు పదో ప్రశ్నలాంటి ప్రశ్నకు ఆ ఇంట్లో ఏం చెబుతారో మాకు తెలియదు. ఏం చెప్పినా, ఆ బాబుకు తెలుగు అక్షరాలు వచ్చుండాలని నా కోరిక.

పెద్దాయనకు మూడు పేజీల కాగితం ఇచ్చాం. మొదటి పేజీ సెన్సస్, ఏ పట్టిక, ఏ వరుస, ఏ సంవత్సరం. రెండో పేజీ మేము తిరిగిన లెక్క. మూడో పేజీలో మాకు తెలియనివి. ఆయన మూడో పేజీ రెండుసార్లు చదివారు. "ఇది రాశారు కాబట్టి మిగతా రెండూ నమ్ముతున్నాను మేడం" అన్నారు. హూడిలో హాలు కుదిరింది.

రేటింగ్ ఇవ్వాలంటే జనగణన పట్టికలకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఉచితం, అందరికీ ఒకటే, ప్రతి సంఖ్య వెనుక ఒక మనిషి గుమ్మం దాకా వెళ్లి అడిగిన ప్రశ్న ఉంది. ఒక మార్కు తగ్గించింది పాతబడినందుకు, మాతృభాష తాలూకా దగ్గరే ఆగిపోయినందుకు. పట్టికల పేర్లు, శీర్షికలు ఇంగ్లీషు, హిందీలో ఉంటాయి. మన పెద్దవాళ్లకు పక్కన ఒకరు కూర్చుని చూపించాలి. జిల్లా మొత్తం మీద సంఘం పెట్టేవాళ్లకు, ప్రభుత్వానికి అర్జీ రాసేవాళ్లకు, పేపర్లో వ్యాసం రాసేవాళ్లకు ఇది చాలు. ఒక వీధిలో మెస్సు పెట్టాలా వద్దా అని చూసేవాళ్లకు చాలదు. వాళ్లు ఇది చూశాక కూరగాయల బండి ఆవిడను కూడా అడగాలి. ఇక ఎవరైనా వార్డు వారీగా తెలుగువాళ్ల సంఖ్య అమ్ముతామంటే, డబ్బిచ్చే ముందు ఏవైనా నాలుగు వార్డులు తీసుకుని భాగించి చూడండి.

మేము చేసిన పట్టీ, పాత వార్డుల నంబర్లు పక్కన వీధుల పేర్లతో, ఎవరికైనా పనికొస్తుందంటే ఇస్తాం. ఆదివారం పన్నెండున్నర తర్వాత రామమూర్తి నగర్ గుడి హాలు దగ్గరికి పెన్‌డ్రైవ్ తీసుకుని రండి. పిల్లలు వెళ్లాక ఒక గంట అక్కడే ఉంటాం, బోర్డు తుడిచి చాపలు చుట్టే పని ఉంటుంది.